కంప్యూటర్‌లో తెలుగు, తేదీలు, రూపాయి గుర్తు: గోదావరి డెల్టాలో తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు డీటీపీ షాపుల్లో, రొయ్యల మేత కొట్లలో, రైస్ మిల్లు ఆఫీసుల్లో, కాలేజీ పిల్లల ల్యాప్‌టాప్‌లలో భాష, ప్రాంతం సెట్టింగుల గురించి మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలివి. ఎక్కువ భాగం విండోస్ 10, 11 గురించే. లైనక్స్ వాడేవాళ్లకు విడిగా రాశాను. మెనూల పేర్లు ఇంగ్లీషు తెర మీద ఎలా కనిపిస్తాయో అలాగే తెలుగు లిపిలో ఇచ్చాను. ఒక్క సందర్భంలో తప్ప (అది కువైట్ ల్యాప్‌టాప్ ప్రశ్నలో ఉంది) వీటిలో దేనికీ ఫార్మాట్ కొట్టించాల్సిన పని లేదు. ఎవరైనా కొట్టాలంటే ముందు ఇది చదవండి.

కంప్యూటర్‌లో తెలుగు పెట్టాలంటే అసలు ఏం మార్చాలి?

తెలుగు పెట్టడమంటే ఒక్క పని కాదు, నాలుగు పనులు. మెనూలు ఏ భాషలో కనిపించాలి అన్నది ఒకటి. కీబోర్డు మీద ఏ భాష టైపు చేయాలి అన్నది రెండోది. తేదీ, డబ్బు, కామాలు ఏ దేశం పద్ధతిలో ఉండాలి అన్నది మూడోది. తెలుగు అక్షరాలు చూపించే ఫాంట్లు నాలుగోవి. ఈ నాలుగూ వేర్వేరు చోట్ల ఉంటాయి, దేని దారి దానిదే. ఒకటి మారిస్తే మిగతావి వాటంతట అవే మారిపోతాయి అనుకోవడం వల్లే గందరగోళమంతా వస్తుంది.

నా సలహా ఇది. ఆఫీసు పనికైతే మెనూలు ఇంగ్లీషులోనే ఉంచండి, ఎవరినైనా సాయం అడిగినప్పుడు తేలిక. కీబోర్డులు రెండూ పెట్టుకోండి. ప్రాంతం మాత్రం ఎప్పుడూ ఇండియానే ఉండాలి, ఇందులో రాజీ వద్దు. ఇంట్లో ఇంగ్లీషు రాని పెద్దవాళ్లు వాడే కంప్యూటర్‌కైతే మెనూలు కూడా తెలుగులో పెట్టడమే మర్యాద. వాళ్లు ప్రతి చిన్నదానికీ పిల్లల్ని పిలవక్కర్లేదు.

విండోస్‌లో తెలుగు కీబోర్డు ఎలా చేర్చాలి?

విండోస్ మీట, ఐ మీట కలిపి నొక్కితే సెట్టింగ్స్ తెరుచుకుంటుంది. అందులో టైమ్ అండ్ లాంగ్వేజ్, తర్వాత లాంగ్వేజ్ అండ్ రీజియన్ (విండోస్ 10లో అయితే లాంగ్వేజ్). యాడ్ ఎ లాంగ్వేజ్ నొక్కి, వెతికే చోట తెలుగు అని కొడితే వస్తుంది. ఇన్‌స్టాల్ చేసేముందు, దీన్నే విండోస్ డిస్‌ప్లే భాషగా, అంటే మెనూల భాషగా, పెట్టాలా అని అడిగే టిక్కు ఒకటి ఉంటుంది. కీబోర్డు మాత్రమే కావాలంటే అక్కడ టిక్కు పెట్టకండి. నెట్ ఉండాలి.

ఆ తర్వాత విండోస్ మీట, స్పేస్‌బార్ కలిపి నొక్కితే ఇంగ్లీషు నుంచి తెలుగుకి, తెలుగు నుంచి ఇంగ్లీషుకి మారుతుంది. ఇప్పుడు ఏ భాషలో ఉన్నారో టాస్క్‌బార్ కుడి చివర కనిపిస్తుంది. పాస్‌వర్డ్ తప్పంటోందని టెన్షన్ పడేవాళ్లలో కొందరు ఆ గుర్తు చూసుకుంటే చాలు, కీబోర్డు తెలుగులో ఉండిపోయి ఉంటుంది.

తెలుగు మెనూలు పెట్టబోతే ఒక్క భాషకే లైసెన్సు ఉందంటోంది. ఏం చేయాలండీ?

మీ ల్యాప్‌టాప్‌లో విండోస్ హోమ్ సింగిల్ లాంగ్వేజ్ అనే రకం ఉంది. మన దేశంలో అమ్మే చాలా ల్యాప్‌టాప్‌లలో ఇదే వస్తుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిచి చూస్తే ఏ రకమో రాసి ఉంటుంది. దీంట్లో డిస్‌ప్లే భాష మార్చనివ్వదు. కీబోర్డుకి, ఫాంట్లకి, ప్రాంతానికి ఆ అడ్డు లేదు, వాటిని ఎంచక్కా పెట్టుకోవచ్చు. ఒక్క మెనూల కోసం డబ్బు ఖర్చు పెట్టి పై రకానికి మారడం చాలామందికి అనవసరం.

ఏ కీబోర్డు నేర్చుకోవాలి? ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్, ఆపిల్ అని ఏవేవో అంటున్నారు.

అప్పుడప్పుడు నాలుగు మాటలు కొట్టేవాళ్లకు ఫొనెటిక్ చాలు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు మాట వస్తుంది. 2019లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి ఇది విండోస్‌లోనే ఉంది. తెలుగు చేర్చాక, దాని పక్కన ఉన్న లాంగ్వేజ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి యాడ్ ఎ కీబోర్డ్ నొక్కితే జాబితాలో కనిపిస్తుంది.

రోజంతా తెలుగే టైపు చేసేవాళ్లు, అంటే సచివాలయం ఆఫీసుల్లో, లాయర్ల దగ్గర, పత్రికలకు వార్తలు పంపే పనిలో ఉన్నవాళ్లు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవాలని గట్టిగా చెబుతాను. ఇది భారతీయ భాషలకు ఉమ్మడిగా రూపొందించిన అమరిక, 1991 నాటి ఐఎస్ 13194 ప్రమాణంలో ఉంది. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమ చేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడి చేతి వైపు ఉంటాయి. రాజోలు అని కొట్టాలనుకోండి. జే నొక్కితే ర, ఈ నొక్కితే దీర్ఘం, పీ నొక్కితే జ, ఏ నొక్కితే ఓత్వం, ఎన్ నొక్కితే ల, జీ నొక్కితే కొమ్ము. ఆరు మీటలు, ఆరు గుర్తులు. కుడిచెయ్యి ఒకటి, ఎడమచెయ్యి ఒకటి, వంతుల వారీగా పడుతుంటాయి. అందుకే అలవాటయ్యాక వేళ్లు అలిసిపోవు.

ఒత్తులకు డీ మీట. అది పొల్లు గుర్తు. ద్రాక్షారామంలో ద్రా కావాలంటే ద, పొల్లు, ర, దీర్ఘం, అంటే ఓ, డీ, జే, ఈ. క్షా కావాలంటే కే, డీ, షిఫ్ట్‌తో కామా, ఈ. ఒత్తుకి విడిగా మీట ఎక్కడుందని వెతక్కండి, ఒత్తులన్నీ ఈ పొల్లుతోనే పుడతాయి. ఈ ఒక్క సంగతి అర్థమైతే ఇన్‌స్క్రిప్ట్ సగం వచ్చేసినట్టే.

ఇక ఆపిల్ అమరిక. పెళ్లి శుభలేఖలు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ ఆపరేటర్లకు వేళ్ల మీద ఉండేది ఇదే. దాన్ని వదిలేసి కొత్తది నేర్చుకోమనడం వాళ్ల మీద అన్యాయం. విండోస్‌లో అది సొంతంగా రాదు, విడిగా వేసుకోవాలి. లైనక్స్‌లో ఎం17ఎన్ అనే ప్యాకేజీలో ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఆపిల్ అమరిక కూడా ఉంది. అంటే చేతి అలవాటు పాతదే ఉంచుకుని, వచ్చే అక్షరాలు మాత్రం, ప్రతి భాష అక్షరానికీ విడి సంఖ్య ఇచ్చే ప్రపంచ ప్రమాణమైన యూనికోడ్‌లో ఉండేలా చేసుకోవచ్చు.

పాత అను ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల పిచ్చిగీతలు వస్తున్నాయి. భాష సెట్టింగు మారిస్తే సరిపోతుందా?

సరిపోదు. ఎంత మార్చినా సరిపోదు. అను అంటే డీటీపీ పనిలో వాడే పాత తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్. ఆ ఫైల్లో ఉన్నవి నిజానికి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు గీసిన ఫాంటు అది. ఫాంటు ఉంటే తెలుగులా కనిపిస్తుంది, లేకపోతే లోపలున్నది బయటపడుతుంది. నాన్ యూనికోడ్ ప్రోగ్రాములకు భాష అనే సెట్టింగు చూసి ఇదే మందు అనుకుంటారు గానీ, దీనికీ దానికీ సంబంధం లేదు. అది మారిస్తే మీ పాత బిల్లింగ్ ప్రోగ్రామ్ పాడయ్యే ప్రమాదం మాత్రం ఉంది.

దారి ఒక్కటే, కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవడం. మార్చాక ఒకసారి కళ్లతో చదివి ఒత్తులు, రావత్తులు సరిచూసుకోవాలి.

ఇక్కడ ఒక మాట. దేవస్థానం దాతల జాబితా, సొసైటీ సభ్యుల పేర్లు, స్కూలు పాత విద్యార్థుల పేర్లు ఇప్పటికీ ఇలాంటి ఫాంట్లలోనే దాచిపెడుతున్నవాళ్లు ఉన్నారు. అవి ప్రింటుకి పనికొస్తాయి తప్ప వెతకడానికి పనికిరావు. తెలుగుకి యూనికోడ్‌లో 1991 నుంచే చోటు ఉంది. కొత్తగా టైపు చేసే ప్రతి పేరూ అందులోనే చేయండి. శుభలేఖ మీకిష్టమైన ఫాంట్లో చేసుకోండి, నాకు అభ్యంతరం లేదు. మనుషుల పేర్ల జాబితా మాత్రం యూనికోడ్‌లో ఉండి తీరాలి.

ఎక్సెల్‌లో తేదీలు తారుమారవుతున్నాయి. చెరువు లెక్కలన్నీ తప్పుతున్నాయి.

ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే, కాస్త నిదానంగా చదవండి.

మీ కంప్యూటర్ రీజనల్ ఫార్మాట్ అమెరికా ఇంగ్లీషులో ఉంది. అమెరికా వాళ్లు నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. మీరు మార్చి 5న చెరువులో సీడ్ (రొయ్య పిల్లలు) వేశారనుకోండి. 05/03/2025 అని కొట్టారు. ఎక్సెల్ దాన్ని మే 3 అనుకుంది. జూన్ 10న పట్టుబడి, అంటే రొయ్యలు పట్టిన రోజు. 10/06/2025 అని కొట్టారు. అది అక్టోబర్ 6 అనుకుంది. మీ అసలు కల్చర్ (పెంపకం) 97 రోజులు, ఎక్సెల్ చూపించేది 156 రోజులు. ఆ రోజుల మీద కట్టే మేత లెక్క, ఎదుగుదల లెక్క ఏదీ నిలబడదు. పైగా ఎర్రగా తప్పు చూపించదు, మామూలు అంకెలాగే కనిపిస్తుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

అదే జూన్ 20న పట్టుబడి అయితే ఇంకో రకం. 20/06/2025 అని కొడతారు. అమెరికా పద్ధతిలో 20వ నెల లేదు కాబట్టి ఎక్సెల్ దాన్ని తేదీగా తీసుకోదు, ఉత్త మాటగా ఉంచేస్తుంది. తీసివేత చేస్తే వాల్యూ ఎర్రర్ వస్తుంది. ఇది నయం, తప్పని వెంటనే తెలుస్తుంది.

సరిచేయడానికి లాంగ్వేజ్ అండ్ రీజియన్‌లోనే కంట్రీ ఆర్ రీజియన్ దగ్గర ఇండియా, రీజనల్ ఫార్మాట్ దగ్గర ఇంగ్లీష్ ఇండియా ఎంచుకోండి. విండోస్ 10లో ఇవి రీజియన్ పేరుతో విడిగా ఉంటాయి. ఎక్సెల్ మూసి మళ్లీ తెరవండి.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. సెట్టింగు మార్చినంత మాత్రాన అప్పటికే తప్పుగా పడ్డ తేదీలు సరికావు. మే 3 అని లోపల నిల్వ అయినది మే 3గానే ఉంటుంది, చూపించే పద్ధతి మాత్రం మారుతుంది. పాత షీటులో గడుల వెడల్పు పెంచి చూడండి. గడిలో కుడివైపుకి అంటుకున్నవి తేదీలుగా మారినవి, వాటిలో రోజు, నెల తారుమారై ఉంటాయి. ఎడమవైపుకి అంటుకున్నవి మాటలుగా మిగిలినవి, వాటిని మళ్లీ కొడితే సరిపోతుంది. తారుమారైన వాటిని మాత్రం పట్టుబడి పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ చూసుకోవాలి. దీనికి అడ్డదారి నమ్మకండి.

సెట్టింగు సరిగా ఉందో లేదో చూడటానికి 12 దాటిన రోజు ఉన్న తేదీ కొట్టండి. 25/12/2025 కొట్టినప్పుడు కుడివైపుకి వెళ్తే సరిగా ఉన్నట్టు. కోనసీమ జిల్లా ఏర్పడిన 04/04/2022 లాంటి తేదీతో పరీక్షిస్తే రెండు పద్ధతుల్లోనూ ఒకేలా ఉంటుంది, ఏమీ తేలదు.

పన్నెండున్నర లక్షలు కొడితే 1,250,000 అని వస్తోంది. మనలాగా 12,50,000 రావాలంటే?

చాలాసార్లు పైన చెప్పినట్టు ఇంగ్లీష్ ఇండియా పెట్టగానే ఇది కూడా సర్దుకుంటుంది. సర్దుకోకపోతే కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్, అడిషనల్ సెట్టింగ్స్, నంబర్స్ తెరిచి, డిజిట్ గ్రూపింగ్ దగ్గర మొదట మూడు అంకెలు, తర్వాత రెండేసి ఉన్న నమూనా ఎంచుకోండి. ఎక్సెల్ ఈ సెట్టింగునే చూసి కామాలు పెడుతుంది. ధాన్యం డబ్బు, కొబ్బరి లోడు డబ్బు లక్షల్లో చదువుకునేవాళ్లం, మిలియన్లలో కామాలుంటే ఒక సున్నా అటూ ఇటూ అయినా కంటికి ఆనదు.

రూపాయి గుర్తు కీబోర్డు మీద ఎక్కడుంది?

ఇంగ్లీష్ ఇండియా కీబోర్డు చేర్చుకుని, కుడివైపు ఆల్ట్ మీట పట్టుకుని 4 నొక్కండి, ₹ వస్తుంది. మీట మీద ఆ గుర్తు ముద్రించి లేకపోయినా వస్తుంది. అమెరికా ఇంగ్లీషు కీబోర్డుతో రాదు. ఈ గుర్తును 2010 జులైలో ఆమోదించారు, కాబట్టి అంతకు ముందు ఫాంట్లలో డబ్బా కనిపిస్తుంది. ఫాంటు మార్చండి.

మా తమ్ముడు కువైట్ నుంచి ల్యాప్‌టాప్ తెచ్చాడు. అంతా అరబిక్‌లో, కుడి నుంచి ఎడమకు ఉంది. ఎలా?

మన వైపు ఇది మామూలే. అక్షరం తెలియకపోయినా దారి పట్టుకోవచ్చు. విండోస్ మీట, ఐ కలిపి నొక్కండి. తెరంతా అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది, మెనూ కుడివైపున ఉంటుంది. పేర్లు చదవలేకపోయినా గడియారం ఉన్న బొమ్మ చూసి నొక్కండి, అదే టైమ్ అండ్ లాంగ్వేజ్. లోపల భాషల భాగంలో ఇంగ్లీషు పేరు ఇంగ్లీషులోనే రాసి ఉంటుంది. ముందే ఇన్‌స్టాల్ అయి ఉంటే డిస్‌ప్లే భాషగా దాన్ని ఎంచుకుని, సైన్ అవుట్ అయి మళ్లీ రండి.

అది కూడా సింగిల్ లాంగ్వేజ్ రకమైతే భాష మారదు. అప్పుడు మాత్రం ఇంగ్లీషు విండోస్ వేయించుకోవడమే దారి.

భాష మారాక అసలు పని మొదలవుతుంది. అందరూ మర్చిపోయేది ఇదే. టైమ్ జోన్ ఇంకా కువైట్‌దే ఉంటుంది, గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక నడుస్తుంది. దుబాయ్ నుంచి వచ్చినదైతే గంటన్నర వెనక. చేత్తో గడియారం ముందుకు తిప్పేయకండి, నెట్ తగలగానే మళ్లీ వెనక్కి వెళ్తుంది. టైమ్ జోన్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్లస్ 5:30 ఎంచుకోండి. ప్రాంతం ఇండియా చేయండి. చివరగా భాషల జాబితాలో అరబిక్ పక్కన మూడు చుక్కలు నొక్కి తీసేయండి, లేకపోతే కీబోర్డు మార్చిన ప్రతిసారీ అది అడ్డొస్తుంది. కానీ మీ తమ్ముడు తిరిగి వెళ్లి అక్కడ అదే వాడతాడంటే అరబిక్ తీసేయకండి.

ఒకే కంప్యూటర్‌లో విండోస్, లైనక్స్ రెండూ ఉన్నాయి. టైము సరిగ్గా అయిదున్నర గంటలు తేడా వస్తోంది.

అయిదున్నర అని చెప్పడంతోనే కారణం తేలిపోయింది. కంప్యూటర్ లోపలి మదర్‌బోర్డు మీద ఉన్న గడియారంలో విండోస్ మన సమయం రాస్తుంది, లైనక్స్ యూటీసీ రాస్తుంది. ఒకరు రాసినది ఇంకొకరు తమ పద్ధతిలో చదువుతారు. లైనక్స్ నుంచి విండోస్‌లోకి వస్తే అయిదున్నర గంటలు వెనక, అటు నుంచి ఇటు వస్తే ముందు. లైనక్స్‌లో హార్డ్‌వేర్ గడియారాన్ని స్థానిక సమయంగా చదవమని పెట్టేస్తే గొడవ తీరుతుంది.

గడియారం ఎప్పటిదో పాత సంవత్సరానికి వెళ్లిపోతోందంటే అది వేరే జబ్బు. బోర్డు మీద సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయింది. తేదీ తప్పుగా ఉంటే బ్యాంకు సైట్లు కూడా తెరుచుకోవు, నెట్ పోయిందనుకుని కంగారు పడతారు.

మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. దేశం మొత్తానికి సమయం లెక్కగట్టే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడకు దగ్గరగానే వెళ్తుంది. డెల్టాలో సూర్యుడు నడినెత్తికి వచ్చే సమయానికీ గడియారంలో 12 గంటలకూ ఏడాది పొడుగునా పెద్ద తేడా ఉండదు. ఇంత చక్కగా ఒంటికి సరిపోయిన టైమ్ జోన్ పెట్టుకుని కంప్యూటర్‌లో వేరే దేశం సమయం ఉంచుకోవడం ఎందుకు?

లైనక్స్‌లో తెలుగు లొకేల్ ఎలా పెట్టాలి?

లొకేల్ అంటే భాష, దేశం పద్ధతులు కలిపి చెప్పే సెట్టింగు. దాని పేరు చిన్న బడి అక్షరాల్లో టీఈ, అండర్‌స్కోర్, పెద్ద బడి అక్షరాల్లో ఐఎన్. ముందుది భాష, తర్వాతది దేశం. ఉబుంటులో సెట్టింగ్స్‌లోని రీజియన్ అండ్ లాంగ్వేజ్ నుంచి, డెబియన్‌లో లొకేల్స్ ప్యాకేజీని మళ్లీ కాన్ఫిగర్ చేసి దీన్ని తయారు చేసుకోవచ్చు.

లైనక్స్‌లో నాకు నచ్చేది ఏమిటంటే దేనికి ఏ భాషో విడివిడిగా చెప్పొచ్చు. లాంగ్ అనేది అన్నిటికీ మూలం. దాని కింద ఎల్‌సీ టైమ్ తేదీలకి, ఎల్‌సీ మానిటరీ డబ్బుకి, ఎల్‌సీ కొలేట్ అకారాది వరుసకి, ఎల్‌సీ మెసేజెస్ మెనూలకి. మెనూలు ఇంగ్లీషులో ఉంచి, ఎల్‌సీ టైమ్ మాత్రం తెలుగు పెడితే వారాల పేర్లు సోమవారం, మంగళవారం అని వస్తాయి. ఎల్‌సీ ఆల్ జోలికి మాత్రం శాశ్వతంగా వెళ్లకండి. అది మిగతావన్నిటినీ తొక్కేస్తుంది. సెట్టింగు ఎంత మార్చినా మారట్లేదంటే ఎక్కడో ఎల్‌సీ ఆల్ పెట్టి ఉందేమో ముందు చూడండి.

అక్షరాల బదులు డబ్బాలు వస్తే లొకేల్ తప్పు కాదు, ఫాంటు లేదు. లోహిత్ తెలుగు గానీ నోటో సాన్స్ తెలుగు గానీ వేయండి. టైపింగ్‌కి ఐబస్ (కీబోర్డు భాషలు మార్చే ప్రోగ్రామ్), దానికి తోడు ఎం17ఎన్.

గ్రామాల పేర్ల జాబితా సీఎస్‌వీ ఫైలు ఎక్సెల్‌లో తెరిస్తే చెత్తగా వస్తోంది. నోట్‌ప్యాడ్‌లో బాగానే ఉంది.

సీఎస్‌వీ అంటే గడుల మధ్య కామాలు పెట్టి ఉత్త అక్షరాలుగా దాచిన జాబితా. పైన గీత ఉన్న ఇంగ్లీషు ఏ, పక్కనే డిగ్రీ గుర్తు, ఇవే వరసగా కనిపిస్తున్నాయా? అయితే ఫైలు క్షేమంగా ఉంది. యూటీఎఫ్ 8 అనేది యూనికోడ్ అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతి. అందులో ఒక్కో తెలుగు గుర్తుకి మూడేసి బైట్లు పడతాయి, ఎక్సెల్ వాటిని విడదీసి మూడు వేర్వేరు అక్షరాలుగా చదివింది. ఆ స్థితిలో సేవ్ మాత్రం చేయకండి, చేస్తే నిజంగానే పాడవుతుంది. మూసేసి, ఖాళీ షీటు తెరిచి, డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్ సీఎస్‌వీ ద్వారా తెచ్చుకుని, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూనికోడ్ యూటీఎఫ్ 8 ఎంచుకోండి. మీరే ఫైలు ఇంకొకరికి పంపేటప్పుడు సీఎస్‌వీ యూటీఎఫ్ 8 అని విడిగా ఉన్న రకంలో సేవ్ చేసి పంపండి.

పేరు కళ్ల ముందే ఉంది, వెతికితే దొరకట్లేదు. ఎందుకని?

కొన్నిసార్లు అంబాజీపేట, అంబాజిపేట లాంటి తేడా. కొన్నిసార్లు కంటికి కనిపించని గుర్తు. సాఫ్ట్‌వేర్ అన్నప్పుడు ట పక్కన వ ఒత్తుగా మారకుండా ఆపేది అలాంటి గుర్తే, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. జాబితాలో ఒకరు దాన్ని వాడి, ఇంకొకరు వాడకపోతే ఆ రెండూ కంప్యూటర్‌కి వేర్వేరు మాటలు. మాట మొత్తం కొట్టకుండా మొదటి రెండు అక్షరాలతో వెతకండి.

తెలుగు అంకెలు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. రీజియన్ అడిషనల్ సెట్టింగ్స్‌లో యూజ్ నేటివ్ డిజిట్స్ అని ఉంటుంది. లెక్కల కంప్యూటర్‌లో మాత్రం నెవర్ అనే ఉంచండి.

సెట్టింగులన్నీ మార్చాను, బ్రౌజర్ మాత్రం ఇంగ్లీషులోనే ఉంది.

బ్రౌజర్లకు, ఆఫీసు ప్రోగ్రాములకు భాష జాబితా విడిగా ఉంటుంది. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో లాంగ్వేజెస్ తెరిచి తెలుగును పైకి జరిపితే, తెలుగు పేజీ ఉన్న సైట్లలో కొన్ని ముందు అదే చూపిస్తాయి.

మా కాలేజీ ల్యాబ్‌లో ఒక లాగిన్‌లో సరిచేస్తే ఇంకో లాగిన్‌లో పాతవే ఉన్నాయి.

ఈ సెట్టింగులు యూజర్ యూజర్‌కి విడిగా ఉంటాయి. అన్నీ సరిచేసుకున్న లాగిన్ నుంచి కంట్రోల్ ప్యానెల్, రీజియన్, అడ్మినిస్ట్రేటివ్ తెరిచి కాపీ సెట్టింగ్స్ నొక్కండి. కింద రెండు టిక్కులు ఉంటాయి. ఒకటి లాగిన్ తెరకి, రెండోది ఇకపై తయారయ్యే కొత్త యూజర్లకి. రెండూ పెట్టండి. ఇప్పటికే ఉన్న యూజర్లకు ఇది వర్తించదు, వాళ్ల లాగిన్లలోకి వెళ్లి ఒక్కొక్కరికీ మార్చాల్సిందే. కాబట్టి ల్యాబ్‌లో కొత్త కంప్యూటర్లు దిగినప్పుడు, పిల్లలకు లాగిన్లు తయారు చేయకముందే ఈ పని ముగించండి.